రోజుకి ఒక్క ఎపిసోడ్ టైమే ఉంది, అనిమే ఎలా చూడాలి?

కాగితంపులి

అందరికీ హాయ్. ఇక్కడ చర్చలు చదవడం అలవాటే కానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదలు. చదువుకుంటున్నాను, ఇది పరీక్షల సంవత్సరం. పగలంతా క్లాసులు, సాయంత్రం మళ్ళీ పుస్తకాలు. పడుకునే ముందు అరగంట మాత్రం పూర్తిగా నాది. అందులో ఒక్క ఎపిసోడ్ పడుతుంది, అంతకంటే పట్టదు.

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ బ్రదర్‌హుడ్ అనే అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) చూస్తున్నాను. మొత్తం 64 ఎపిసోడ్లు, ఇప్పటికి సగం దాటాను. అందులో హీరో ఎడ్వర్డ్ అంటే ప్రాణం. నా నోట్‌బుక్కుల వెనక పేజీలన్నీ వాడి ఇనుప చెయ్యే. కానీ నా ఫ్రెండ్స్ ఎప్పటికప్పుడు కొత్తగా వచ్చేవే చూస్తారు. బ్రేక్‌లో వాళ్ళు మాట్లాడుకుంటుంటే నాకు కలపడానికి ఒక్క మాట ఉండదు. పైగా స్పాయిలర్ (కథలో ముందు జరగబోయేది చెప్పేసే మాట) చెవిన పడుతుందేమోనని ఒకటే టెన్షన్.

మూడు విషయాలు అడగాలి. పాతది పక్కన పెట్టి అందరితోపాటు కొత్తవి పట్టుకోనా? ఇంట్లో "ఇంకా ఆ బొమ్మలేనా" అంటే ఏం చెప్పాలి? నాకు గీయడం ఇష్టం, చూడటంతో ఆగిపోకుండా ఇంకేం చెయ్యొచ్చు?

వారంవారం

వెల్కమ్! నా ఓటు కొత్తవాటికే, కాకపోతే సీజన్‌కి ఒక్కటే.

లెక్క చూడు. జపాన్‌లో టీవీ అనిమే జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్‌లలో మొదలవుతాయి. మామూలుగా ఒక్కోటి 12, 13 వారాలు నడుస్తుంది. ఎపిసోడ్ 24 నిమిషాల లోపే. అంటే ఒక కొత్త సిరీస్ నీ దగ్గర తీసుకునేది వారానికి ఒక్క రాత్రి. మిగతా రాత్రులు నీ ఎడ్వర్డ్‌వే.

వారం వారం చూడటంలో ఉన్న మజా తర్వాత ఎప్పుడో ఒకేసారి చూస్తే దొరకదు. ఫ్రీరెన్ అనే అనిమే 2023 సెప్టెంబర్‌లో మొదలైనప్పుడు తొలి నాలుగు ఎపిసోడ్లు కలిపి ఒకే రాత్రి వేశారు. తర్వాత 2024 మార్చి దాకా వారానికొకటి, మొత్తం 28. ఆ నెలలన్నీ నేనూ నా ఫ్రెండ్స్ ఆ కథతోనే బతికాం. ఒక పాత్ర తలుపు దగ్గర ఎందుకు ఆగింది, ఆ ఉంగరం ఎందుకు ఎంచుకుంది అని రోజుల తరబడి వాదించుకున్నాం. మొత్తం ఒకేసారి చేతిలో ఉంటే ఆగి వాదించుకోవడానికి ఎవరికి ఓపిక ఉంటుంది? "నెక్స్ట్" నొక్కేస్తాం.

నిదానంగా_చూస్తా

నేను ఒప్పుకోను తమ్ముడూ. ఒక మంచి కథ సగంలో ఉన్నప్పుడు ఇంకోటి మొదలుపెడితే రెండూ పల్చబడతాయి. అందులోనూ బ్రదర్‌హుడ్! ఆ సగం తర్వాతే కదా అన్ని దారాలూ ఒక్కచోటికి వచ్చేది.

కాగితంపులీ, నువ్వు చూస్తున్నదాని వెనక ఉన్న సంగతి చెప్తాను, ఇందులో స్పాయిలర్ ఏమీ లేదు. హిరోము అరకావా ఈ కథని మాంగాగా (జపాన్ కామిక్) 2001లో మొదలుపెట్టి 2010లో ముగించింది. 2003లో మొదటి అనిమే వచ్చేసరికి కథ ఇంకా నడుస్తూనే ఉంది. అందుకే ఆ 51 ఎపిసోడ్లు కొంత దూరం వెళ్ళాక తమ సొంత దారి పట్టి, వేరే ముగింపుకి చేరాయి. 2009లో మొదలైన బ్రదర్‌హుడ్ మాంగాని చివరిదాకా అనుసరించింది. అంటే ఒకే ఇద్దరు అన్నదమ్ములకి రెండు జీవితాలున్నాయి. ఇది అయ్యాక అది కూడా చూడు. ఒకే మొదలు నుంచి రెండు రకాల దుఃఖం ఎలా పుడుతుందో తెలుస్తుంది.

ఇంకో సంగతి. అరకావా హొక్కైడోలో ఒక పాడి పరిశ్రమ కుటుంబంలో పుట్టి, ఆ పనులు చేస్తూ పెరిగింది. ప్రాణం అంటే ఏమిటి, ఒకటి కావాలంటే ఏం వదులుకోవాలి అన్న ప్రశ్న ఈ కథలో అంత బరువుగా ఉండటానికి కారణం అదేనని నా గట్టి నమ్మకం. రోజూ పశువుల్ని సాకిన మనిషి ఆ ప్రశ్నని గాల్లోంచి తీసుకురాదు.

ఇప్పుడు నా అసలు సలహా. ఎపిసోడ్ చివర్లో పాట రాగానే ఆపెయ్యకు. పేర్లు చదువు. నచ్చిన ఎపిసోడ్‌కి డైరెక్టర్ ఎవరు, స్టోరీబోర్డ్ (సీన్లకి ముందుగా వేసుకునే బొమ్మల ప్లాన్) ఎవరు గీశారు అన్నది నోట్‌బుక్‌లో రాసుకో. ఫ్రీరెన్ డైరెక్టర్ కెయిచిరో సైతో అంతకుముందు 2022లో బోచ్చి ది రాక్ తీశాడు. ఒకటేమో వేల ఏళ్ళు బతికే మాంత్రికురాలి కథ, ఇంకోటి గిటార్ పట్టుకుని మనుషులంటే భయపడే స్కూల్ పిల్ల కథ. పైకి సంబంధమే లేదు. కానీ ఇద్దరూ పక్కవాళ్ళతో ఎలా మెలగాలో తెలియని వాళ్ళే. ఆ ఒక్క పేరు చదవకపోతే నేను రెండోది చూసేదాన్నే కాదు.

వారంవారం

అక్కా, ఆ లింక్ నాకు తట్టలేదు. పేర్ల సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఫ్రెండ్స్ అందరూ మాట్లాడుకుంటుంటే ఒక్కతే పక్కన కూర్చోవడం ఆ వయసులో చిన్న విషయం కాదు. నా సలహా ఆ బాధకి.

నిదానంగా_చూస్తా

అది నిజమే. ఆ బాధ నాకూ తెలుసు. అయితే ఫ్రెండ్స్‌ని తన వైపు లాక్కోవచ్చు కదా? "మీ కొత్తది ఒకటి నేను చూస్తా, నా పాతది ఒకటి మీరు చూడండి" అని.

పెన్సిల్‌ముక్క

మూడో ప్రశ్న నాకు వదిలెయ్యండి, ప్లీజ్!

కాగితంపులీ, నువ్వు చూసే అనిమేలో సెకనుకి 24 ఫ్రేములు. కానీ 24 వేర్వేరు బొమ్మలు ఉండవు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు గానీ మూడు ఫ్రేములు గానీ నిలబెడతారు. అంటే సెకనుకి 12 లేదా 8 బొమ్మలు. ఎవరూ కదలకుండా మాట్లాడుకునే సీన్‌లో ఇంకా తక్కువ, పెదాలు మాత్రమే మారుతుంటాయి. 1963లో మాంగా రచయిత ఒసాము తెజుకా తన ఆస్ట్రో బాయ్‌ని ప్రతివారం టీవీకి అందించాలంటే బొమ్మలు తగ్గించక తప్పలేదు. ఆ ఇబ్బంది నుంచే ఒక కళ పుట్టింది. ఏ బొమ్మ ఎంతసేపు నిలబెట్టాలి అన్నది ఇవాళ్టికీ అనిమేటర్ చేతిలో అన్నింటికంటే పెద్ద ఆయుధం.

ముఖ్యమైన భంగిమల్ని గీసేవాళ్ళు కీ అనిమేటర్లు. ఆ భంగిమల మధ్య కదలికని నింపేవాళ్ళు ఇన్‌బిట్వీనర్లు. చాలామంది ఈ రెండోదాంతో పని మొదలుపెట్టి మొదటిదానికి ఎదుగుతారు.

నువ్వు చెయ్యాల్సింది ఇది. నచ్చిన ఫైట్‌లో పది సెకన్లు తీసుకో. వీడియోని ఆపి ఆపి ముందుకి జరుపు. బొమ్మ ఎక్కడ మారిందో గీత పెట్టుకో. వాటిలో ముఖ్యమైన భంగిమలు ఏవో నువ్వే ఎంచి, ఒక్కోటి నిమిషం లోపు గీయి. ముఖం వద్దు, జుట్టు వద్దు. వెన్నెముక ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది, అంతే. ఎడ్వర్డ్ ఇనుప చెయ్యి మీద బోల్టులు గీయడం కాదు, ఆ లోహం బరువు భుజం దగ్గర తెలియాలి. అది వస్తే బోల్టులు లేకపోయినా జనం గుర్తుపడతారు.

పోస్టర్లు చూసి నీట్‌గా కాపీ చెయ్యడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. పోస్టర్‌లో మనిషి నిలబడి ఉంటాడు. నీకు కావాల్సింది కదిలే మనిషి.

కాగితంపులి

ఇది చదివి చాలా ఎక్సైట్ అయ్యాను! రెండు ఫ్రేములు, మూడు ఫ్రేములు అన్నది ఎక్కడా వినలేదు. ఇవాళే చేస్తా.

నిదానంగా అక్కా, పేర్లు చదవడం సరే. కానీ డైరెక్టర్ ఎవరో తెలిస్తే చూసేటప్పుడు నిజంగా ఏం మారుతుంది? ఒక ఉదాహరణ చెప్పవా?

నిదానంగా_చూస్తా

చెప్తాను. ఎ సైలెంట్ వాయిస్. 2016 సినిమా, క్యోటో అనిమేషన్ తీసింది, డైరెక్టర్ నవోకో యమాదా. మూలం యోషితోకి ఒయిమా మాంగా, 7 సంపుటాలు. చూడనివాళ్ళు ఈ పోస్ట్ దాటేసి వెళ్ళండి.

కథ షోయా అనే అబ్బాయిది. చిన్నప్పుడు క్లాసులో వినపడని అమ్మాయిని, షోకోని, ఏడిపిస్తాడు. తర్వాత అందరూ అతన్నే వెలివేస్తారు. పెద్దయ్యేసరికి ఎవరి ముఖం వైపూ చూడలేని స్థితికి వస్తాడు. దాన్ని సినిమా ఎలా చూపిస్తుందంటే, అతని చుట్టూ ఉన్న ప్రతి మనిషి ముఖం మీదా ఒక నీలం రంగు ఇంటూ గుర్తు అతికి ఉంటుంది. వరండా నిండా మనుషులు, ఒక్క ముఖమూ కనిపించదు. నాగత్సుకా అనే కుర్రాడు స్నేహం చేసినప్పుడు అతని ముఖం మీది గుర్తు ఊడి కింద పడుతుంది. షోయా మనసులో ఏం జరిగిందో ఎవరూ వివరించరు. ఆ ముఖం కనిపించింది, అంతే.

ఇప్పుడు యమాదా దగ్గరికి వద్దాం. ఆవిడ సినిమాల్లో కెమెరా తరచూ కాళ్ళ మీదికి వెళ్తుంది. మాటల్లో ధైర్యంగా ఉన్న పాత్ర మడమ వెనక్కి జరుగుతుంటుంది. నవ్వుతూ మాట్లాడుతున్న అమ్మాయి బొటనవేళ్ళు లోపలికి ముడుచుకుంటాయి. ముఖం అబద్ధం చెప్పగలదు, కాళ్ళు చెప్పలేవు అన్నట్టు తీస్తుంది. తల ఎత్తలేని షోయా కథకి ఇంతకంటే సరిపోయే చూపు ఏముంటుంది? అతను చూసేదే మనుషుల కాళ్ళని కదా. ఇది తెలిశాక ఆవిడదే 2009 నాటి కే-ఆన్ మళ్ళీ చూశాను. అక్కడా కాళ్ళే! సరదాగా సాగిపోయే సిరీస్ అనుకున్నది ఒక్కసారిగా వేరేగా కనిపించింది.

సంగీతం గురించి ఒక్క ముక్క. కెన్సుకే ఉషియో పియానో లోపల మైకులు పెట్టి రికార్డ్ చేశాడు. స్వరంతోపాటు మీటల చప్పుడు, లోపలి కదలికల శబ్దం కూడా వినిపిస్తుంది. వినికిడి గురించిన సినిమాకి శబ్దాన్ని చేత్తో తాకేంత దగ్గరగా తెచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను.

నీ ప్రశ్నకి జవాబు ఇదే. పేరు తెలిస్తే ఎటు చూడాలో తెలుస్తుంది.

పెన్సిల్‌ముక్క

కాళ్ళ గురించి చదివి ఇప్పుడే వెళ్ళి రెండు సీన్లు చూసొచ్చా. అక్కా, థాంక్యూ. నేను చేతులు మాత్రమే గమనిస్తూ వచ్చా.

స్పైక్‌సెర్వ్

ఇంట్లో వాళ్ళ గురించి నేను చెప్తా, ఎందుకంటే మా ఇంట్లో ఇదే గొడవ చాలాకాలం నడిచింది.

నేను హైక్యూ చూసి వాలీబాల్ మొదలుపెట్టా. హరుయిచి ఫురుదాతే మాంగా, 2012 నుంచి 2020 దాకా 45 సంపుటాలు. అనిమే 2014లో మొదలైంది. హీరో హినాతా పొట్టివాడు. కానీ ఎగరగలడు. "పొట్టివాడైనా గెలుస్తాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసే కథ కాదు అది. ఎగరడం ఒక్కటే చాలదని అతనికి మళ్ళీ మళ్ళీ తెలిసొస్తుంది. బంతిని అందుకోవడం రాదు, సర్వ్ సరిగా రాదు. ఒక్కోటి నేర్చుకుంటూ పోతాడు. నేను కోర్టులోకి దిగాక అర్థమైంది, బంతి అందుకునేటప్పుడు మోకాళ్ళు వంచి కిందికి దిగడం ఎంత కష్టమో. అనిమేలో ఆ దిగడాన్ని ఎంత శ్రద్ధగా గీశారో కూడా అప్పుడే కనిపించింది. బూట్లు నేల మీద కీచుమనే శబ్దం దగ్గర్నుంచి అన్నీ నిజం.

నాన్న రోజూ "ఇది చిన్నపిల్లల బొమ్మలు" అనేవారు. నేను వాదించడం మానేసి ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకున్నా. మొదటి సీజన్‌లో అవోబా జోసాయ్ అనే స్కూల్ జట్టుతో టోర్నమెంట్ మ్యాచ్ పెట్టా. మొదట ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. స్కోరు దగ్గర దగ్గరగా వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేశారు. ఎపిసోడ్ మధ్యలో ఆగిపోతే "ఏంటి, తర్వాతది లేదా?" అన్నారు. మేమిద్దరం ఆ మ్యాచ్ మొత్తం చూశాం. ఇప్పటికీ నాన్న అనిమే ఫ్యాన్ ఏమీ కాదు. కానీ "బొమ్మలు" అనడం మానేశారు.

కాగితంపులీ, వాళ్ళకి ఏం చెప్పాలి అని ఆలోచించకు. ఏం చూపించాలి అని ఆలోచించు. వాళ్ళకి ఏది ఇష్టమో దాని మీద ఒక అనిమే ఉండే ఉంటుంది.

పాతక్యాసెట్

స్పైక్‌సెర్వ్ బాబూ, బాగా చెప్పావు. చాలామంది ఇలాంటప్పుడు స్పిరిటెడ్ అవేకి 2003లో, ది బాయ్ అండ్ ది హెరాన్‌కి 2024లో ఆస్కార్ వచ్చిందని చెప్పమంటారు. రెండూ డైరెక్టర్ హయావో మియాజాకీ సినిమాలే, రెండూ గొప్పవే. కానీ అవార్డు చెప్పి ఎవరినీ ఒప్పించకమ్మా. నీకు ఆ కథ ఎందుకు ముఖ్యమో నీ మాటల్లో చెప్పు. అమ్మానాన్నలకి నీ మీద ఉన్న ఆసక్తి ఆస్కార్ మీద ఉండదు.

నేను ఇక్కడ చాలామంది కంటే వయసులో పెద్దవాడిని. కౌబాయ్ బీబాప్ 1998లో వచ్చింది, 26 ఎపిసోడ్లు. యోకో కన్నో సంగీతం కోసమే నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తుంటాను, ప్రతిసారీ ఏదో ఒక వాయిద్యం కొత్తగా చెవిన పడుతుంది. వన్ పీస్ మాంగా 1997లో, టీవీ అనిమే 1999లో మొదలయ్యాయి. ఆ టీవీ సిరీస్ మొదటి రోజు నుంచీ హీరో లూఫీ గొంతు మయూమీ తనాకాదే. స్కూలు రోజుల్లో మొదలుపెట్టినవాళ్ళు ఉద్యోగాలు చేస్తున్నారు, ఆ గొంతు మాత్రం అదే ఉత్సాహంతో అరుస్తోంది. అందుకే అంటున్నాను, వెనకబడిపోయాను అన్న మాటే వద్దు. కథ ఎక్కడికీ పోదు. పరీక్షలు అయ్యాక కూడా అక్కడే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. దొంగ సైట్లలో చదవకండి. జపాన్ ప్రచురణ సంస్థ షుయేషా వాళ్ళ మాంగా ప్లస్ యాప్ 2019 నుంచి ఉంది. చాలా సిరీస్‌ల కొత్త చాప్టర్లు జపాన్‌తోపాటే అందులో ఉచితంగా చదవచ్చు. రాత్రీపగలూ కూర్చుని గీసిన మనిషికి మనం ఇచ్చే కనీస మర్యాద అది.

వారంవారం

అంకుల్ మాటకి నా ప్లస్ వన్. లీకుల సంగతి కూడా ఇందులోకే వస్తుంది. మాంగా చాప్టర్ అధికారికంగా రాకముందే ఎవరో ఫొటోలు పెట్టేస్తారు. అవి చూసినవాళ్ళు గ్రూపుల్లో రాసేస్తారు. కాగితంపులీ, నీ సోషల్ మీడియాలో సిరీస్ పేరు, ముఖ్యమైన పాత్రల పేర్లు మ్యూట్ చేసి పెట్టుకో. బ్రదర్‌హుడ్ పాతది కాబట్టి దాని స్పాయిలర్లు ఎవరూ దాచరు. అందుకని ఇంకా జాగ్రత్త. వీడియోల కింద కామెంట్లు అసలు తెరవకు.

స్పైక్‌సెర్వ్

డబ్బింగా, సబ్‌టైటిల్సా అని ఎవరూ అడగలేదేంటి? నేనైతే మొదటిసారి ఒరిజినల్ గొంతులతోనే చూస్తా.

పెన్సిల్‌ముక్క

గీసేవాళ్ళకి డబ్బింగే నయం. కింద అక్షరాలు చదువుతుంటే బొమ్మ తప్పిపోతుంది. మొదటిసారి నీ లెక్కన, రెండోసారి నా లెక్కన చూస్తే సరి.

మోడరేటర్

చిన్న గమనిక. ముగింపుల గురించి రాసేటప్పుడు పైన అక్క చేసినట్టు ముందే హెచ్చరిక పెట్టండి. పాత సిరీస్‌లకి కూడా ఇదే రూల్. ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు మొదటిసారి చూస్తూనే ఉంటారు.

కాగితంపులి

పది సెకన్లు చేశా! ఎడ్వర్డ్ రెండు చేతులూ కలిపి నేలకి ఆనించే సీన్ తీసుకున్నా. మామూలుగా చూస్తే ఒక్క ఊపులో అయిపోయినట్టుంటుంది. ఆపి ఆపి చూస్తే చేతులు కలిసే ముందు భుజాలు కాస్త వెనక్కి వెళ్తాయి. కలిశాక ఆ బొమ్మ కొంచెంసేపు అలాగే నిలబడుతుంది. ఆ తర్వాత నేల మీదికి వెళ్ళేటప్పుడు మధ్యలో చెయ్యి ఆకారమే సరిగా ఉండదు, సాగినట్టు ఉంటుంది. పెన్సిల్ అక్కా, అది తప్పు గీశారా లేక కావాలనేనా?

ఇక నా ప్లాన్. బ్రదర్‌హుడ్ వదలను. వారానికి ఒక రాత్రి మాత్రం ఫ్రెండ్స్ చూసే కొత్తది ఒకటి. వాళ్ళతో కూడా మాట్లాడాను. ఇద్దరు బ్రదర్‌హుడ్ మొదలుపెడతామన్నారు, మూడో ఆమెకి ఫైట్లు నచ్చవట. ఆమెకి ఎ సైలెంట్ వాయిస్ చెప్పాను. కాళ్ళ సంగతి ముందే చెప్పలేదు, తనే చూస్తుందేమో చూద్దాం.

అమ్మకి తోట పని అంటే ఇష్టం. మొక్కలు, పొలం, అలాంటిదేమైనా ఉందా?

పెన్సిల్‌ముక్క

కావాలనే! దాన్ని స్మియర్ అంటారు. వేగంగా కదిలే చెయ్యి కంటికి అలాగే అందుతుంది కాబట్టి ఒక్క బొమ్మలో సాగదీసి వదిలేస్తారు. ఆపి చూస్తే వింతగా ఉంటుంది, నడుస్తుంటే అదే ప్రాణం. నువ్వు మొదటి ప్రయత్నంలోనే దాన్ని పట్టుకున్నావంటే నీ కన్ను మంచిది. ఆ పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టు.

నిదానంగా_చూస్తా

అమ్మకి సిల్వర్ స్పూన్ చూపించు. అది కూడా అరకావాదే! హొక్కైడోలోని వ్యవసాయ హైస్కూల్లో చేరిన పట్నం కుర్రాడి కథ. పందులు, ఆవులు, గుర్రాలు, పొద్దున్నే లేచి పనులు, అన్నీ ఉంటాయి. పెంచిన జంతువునే తినాల్సి వచ్చినప్పుడు ఆ కుర్రాడు పడే మథన దగ్గర అమ్మతో మాట్లాడటానికి చాలా దొరుకుతుంది. నీ ఎడ్వర్డ్‌ని గీసిన చేతులే ఇదీ గీశాయని ఆవిడకి చెప్పు.

స్పైక్‌సెర్వ్

అయితే నేను ఇంకో థ్రెడ్ తెరుస్తున్నా. శనివారం నుంచి హైక్యూ మొదటి సీజన్ అందరం కలిసి చూద్దాం, వారానికి రెండు ఎపిసోడ్లు, పరీక్షలున్నవాళ్ళకి ఒకటి. కాగితంపులీ, నువ్వు మ్యాచ్‌లో ఏదో ఒక జంప్ గీసి పెట్టాలి. వారంవారం బ్రో, నువ్వు కూడా రావాలి, ఇది పాతదని తప్పించుకోకు.

వారంవారం

వస్తున్నా. లింక్ పెట్టు.